స్పీకర్ ఎలా పలుకుతోందో మాటల్లో రాయడం ఎలా?

కొత్త స్పీకర్ల జత కొన్నవారిని ఎలా ఉన్నాయని అడిగితే, సాధారణంగా వచ్చే సమాధానం "బేస్ బాగుంది, క్లారిటీ బాగుంది" అన్నదే. ఆ మాటలు అబద్ధం కావు. అయితే వాటిని చదివినవారు ఆ జతను మరో జత నుంచి వేరుచేసి గుర్తుపట్టలేరు. స్పీకర్ గురించి రాసే ప్రతి విశేషణం వెనుక ఒక నిర్దిష్టమైన శబ్దం ఉండాలి. ఏ రికార్డింగులో, ఏ వాద్యం పలికినప్పుడు లేదా గాయకుడు ఏ అక్షరం పలికినప్పుడు, ఎంత బిగ్గరగా, ఎలాంటి గదిలో, దేనితో పోలిస్తే అలా వినిపించిందో రాసేవారు చెప్పగలగాలి. ఆ స్థాయికి చేరుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తాను. ఉదాహరణకు పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉండి, నేలకు టైల్స్ పరిచిన గదిలో, కింది స్వరాలు పలికే ఐదంగుళాల వూఫరూ, దానిపైన పై స్వరాలు పలికే ట్వీటరూ ఉన్న చిన్న స్పీకర్ల జతను తీసుకుందాం. పెద్ద టవర్ స్పీకర్లకైనా, బ్లూటూత్ స్పీకర్‌కైనా పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

ముందుగా గదిని అర్థం చేసుకోండి, ఎందుకంటే మీరు స్పీకర్‌కు అంటగట్టబోయే లక్షణాల్లో కొన్ని గదివే అయి ఉంటాయి. సుమారు 200 లేదా 300 హెర్ట్జ్‌కు (అంటే సెకనుకు అన్ని కంపనాలకు) దిగువన మీ చెవికి చేరేదానిని స్పీకర్ కన్నా గది కొలతలే ఎక్కువగా నిర్ణయిస్తాయి. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. దానిని గోడల మధ్య దూరానికి రెట్టింపు సంఖ్యతో భాగిస్తే, ఆ రెండు గోడల మధ్య నిలిచి మోగే మొదటి పౌనఃపున్యం వస్తుంది. పన్నెండు అడుగుల దూరానికి అది సుమారు 47 హెర్ట్జ్, పది అడుగుల దూరానికి సుమారు 56 హెర్ట్జ్. అందుచేత బేస్ బాగా ఉన్న పాటను నడిపిస్తూ గదంతా మెల్లగా నడిచి చూడండి. గోడ దగ్గర గుమ్మని మోగిన స్వరం గది నడుమకు రాగానే పలచబడితే, అది గది చేస్తున్న పని అని గుర్తించి, ఆ విషయాన్ని స్పీకర్ లోపంగా రాయకండి. తరువాత ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఖాళీ గోడల మధ్య ఆ చప్పుడు ట్ర్‌ర్‌మని వెంటవెంటనే తిరిగివస్తే, ఆ గదిలో ఏ స్పీకరైనా ఉన్నదానికన్నా గరుకుగా తోస్తుంది. నేలమీద మందపాటి దుప్పటో తివాచీయో పరచి, కిటికీలకు తెరలు దించితే ఇది చాలావరకు తగ్గుతుంది.

స్పీకర్లను గోడకు ఆనించకుండా కనీసం ఒకటిన్నర అడుగు ముందుకు జరపండి. గోడకు దగ్గరైనకొద్దీ బేస్ పెరుగుతుంది, మూలకు నెడితే ఇంకా పెరుగుతుంది. ట్వీటర్ మీ చెవుల ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య దూరమూ, ఒక్కో స్పీకర్ నుంచి మీ వరకు ఉన్న దూరాలూ, ఈ మూడూ దాదాపు సమానంగా ఉంటే చాలు. ఈ అమరికను కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే మీ వర్ణన చదివేవారికి అది కూడా కావాలి.

రెండో పని వినవలసిన రికార్డింగులను ఎంచుకోవడం. ఇక్కడ చాలామంది ప్రదర్శన కోసం తయారైన మెరుపుల సంగీతాన్ని తీసుకుంటారు. దానిలో అన్నీ బాగానే వినిపిస్తాయి కాబట్టి తేడాలు బయటపడవు. మీకు కంఠతా వచ్చినవీ, సహజ వాద్యాలతో రికార్డు చేసినవీ ఐదారు చాలు, కానీ ప్రతిసారీ అవే వాడాలి. వాటిలో ఒకటి పాట కాకుండా మామూలు మాట అయితే చాలా మేలు. మీకు బాగా పరిచయమున్న మనిషి మాటను మంచి మైకుతో రికార్డు చేసి ఉంచుకుంటే, ఆ గొంతు సహజంగా ఎలా ఉంటుందో మీ చెవికి ముందే తెలుసు కనుక, స్పీకర్ దానికి ఏం కలిపిందో, ఏం తీసివేసిందో ఇట్టే తెలుస్తుంది. బీబీసీ ఇంజనీర్లు కూడా తమ మానిటర్ స్పీకర్లను (ప్రసారపు నాణ్యతను విని సరిచూసుకునే స్పీకర్లను) రూపొందించేటప్పుడు మనిషి మాటనే ముఖ్యమైన గీటురాయిగా పెట్టుకున్నారు.

మిగిలిన వాటిలో తంబురా స్పష్టంగా వినిపించే కర్ణాటక గాత్రం, మృదంగం తని ఆవర్తనం (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం), వయొలిన్ లేదా సన్నాయి, గజ్జెలు లేదా చేతాళాలు ఉన్న భజన, ఘంటసాల కాలంనాటి మోనో (ఎడమ, కుడి తేడా లేని) పాట ఒకటి ఉండేలా చూసుకోండి. పాత పాటను ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఆ కాలపు రికార్డింగులలో పై పౌనఃపున్యాలు సహజంగానే తక్కువ, కనుక వాటిని విని ట్రెబుల్ (పై స్వరాలు) గురించి తీర్పు చెప్పకూడదు. వాటి ఉపయోగం వేరే ఉంది, ఆ సంగతి తరువాత చెబుతాను.

మూడో పని శబ్దస్థాయిని స్థిరపరచడం. దీనిని దాటవేస్తే మిగిలిన శ్రమంతా వృథా అవుతుంది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి బేస్‌ను ఇంకా తక్కువగా గ్రహిస్తుందని 1933లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపారు. అంటే ఒకే స్పీకర్ రాత్రి మెల్లగా వింటే పలచగానూ, పగలు పెంచి వింటే నిండుగానూ తోస్తుంది. రెండు వర్ణనలూ నిజమే, కానీ స్థాయి రాయకపోతే రెండూ పనికిరావు. ఫోనులో శబ్దస్థాయిని కొలిచే యాప్ పెట్టుకుని, కూర్చునే చోట 70 నుంచి 75 డెసిబెళ్ల మధ్య ఉండేలా చూసుకోండి. రెండు జతలను పోల్చేటప్పుడైతే ఒకే పింక్ నాయిస్ ఫైలును (అన్ని పౌనఃపున్యాలూ కలిసిన హోరును) రెంటిలోనూ నడిపి, అర డెసిబెల్ లోపు తేడా ఉండేలా సరిచేయండి. 85 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒకే శక్తికి ఎంత బిగ్గరగా పలుకుతుందో చెప్పే కొలత) ఉన్న జతనూ 88 ఉన్న జతనూ ఒకే యాంప్లిఫయర్‌కు తగిలించి, వాల్యూమ్ మీట కదపకుండా వింటే, రెండోది మూడు డెసిబెళ్లు బిగ్గరగా పలుకుతుంది. అప్పుడు వినేవారు "ఇది బిగ్గరగా ఉంది" అనుకోరు. "ఇది తేటగా, జీవంతో ఉంది" అనుకుంటారు. దుకాణాల్లో వినిపించే పోలికలను నమ్మడం కష్టమయ్యేది ఇందుకే.

ఇప్పుడు వినడం మొదలుపెట్టవచ్చు. ఒకేసారి అంతా వినాలని ప్రయత్నించకుండా, కింది స్వరాల నుంచి పైకి భాగాలుగా వెళ్లండి. ప్రతి భాగంలోనూ ముందు ఏ శబ్దానికి ఏం జరిగిందో ఒక వాక్యం రాసి, ఆ తరువాతే దానికి తగిన విశేషణం వెతకండి.

బేస్ దగ్గర మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి: ఎంత లోతుకు దిగుతోంది, ఎంత మోతాదులో ఉంది, ఎంత అదుపులో ఉంది. "బేస్ బాగుంది" అన్న మాట ఈ మూడింటినీ కలిపేస్తుంది. లోతు చూడటానికి తంబురా మంచి సాధనం. ఒకటిన్నర శ్రుతిలో (C షార్ప్‌లో) పాడే గాయకుని మధ్యస్థాయి షడ్జం, అంటే "స" స్వరం, సుమారు 139 హెర్ట్జ్. తంబురాలో మంద్ర షడ్జం పలికే తీగ అందులో సగం, అంటే 69 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఐదంగుళాల వూఫర్ ఉన్న చిన్న స్పీకర్లలో చాలావాటికి ఇది దాదాపు అంచు. ఇక్కడ చెవి మనల్ని మోసగించగలదు: అసలు స్వరం బలహీనంగా ఉన్నా, దానికి రెండు, మూడు రెట్ల పౌనఃపున్యాల్లో తోడుగా పలికే అనుస్వరాలు స్పష్టంగా వినిపిస్తే మెదడు ఆ లేని స్వరాన్ని తానే పూరించుకుంటుంది. కనుక "మంద్ర షడ్జం వినిపిస్తోందా?" అని కాకుండా, "దానికి బరువు ఉందా, లేక దాని ఆకారం మాత్రమే ఉందా?" అని ప్రశ్నించుకోండి. బరువు లేకపోతే "లోతు తక్కువ" అని రాయండి. "బేస్ లేదు" అనడం సరికాదు.

మోతాదు, అదుపు తెలుసుకోవడానికి మృదంగాన్ని మించింది నాకు కనిపించలేదు. ఎడమ తలపై దెబ్బ పడినప్పుడు వచ్చే గుంకారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో గమనించండి. దెబ్బ వెంట దెబ్బ వేగంగా పడుతున్నప్పుడు ఒక్కొక్కటీ విడిగా వినిపిస్తే ఆ బేస్ బిగువుగా ఉన్నట్టు. ఒకదాని తోక మరొకదాని మీద పడి అంతా ఒకే మూలుగుగా కలిసిపోతే అది గుబగుబలాడుతున్నట్టు లేదా ఉబ్బినట్టు. ఏ దెబ్బ పడినా ఒకే స్వరం మోగుతున్నట్టుంటే అది సాధారణంగా గది వల్లనో, స్పీకర్ పెట్టెలోని రంధ్రం వల్లనో వచ్చే దోషం; "ఒకే స్వరపు బేస్" అని అలాగే రాయవచ్చు. కుడి తల సంగతి వేరు. నడుమ ఉన్న నల్లటి పూత వల్ల ఆ చర్మం మామూలు డోలులా కాకుండా స్వరసంబంధమున్న ధ్వనులను ఇస్తుందని సి.వి. రామన్ 1920లోనే ప్రచురించారు. అందువల్ల కుడి తల పలికే స్వరం గాయకుని శ్రుతితో కలిసినట్టు స్పష్టంగా తెలియాలి. దెబ్బ తెలిసి స్వరం తెలియకపోతే, ఆ స్పీకర్ మధ్యస్వరాల్లో ఏదో పోగొడుతోందని అర్థం.

చాలామంది ఎక్కువసేపు వినవలసింది మధ్యస్వరాలను, ఎక్కువసేపు వినేది మాత్రం బేస్‌ను. మనిషి గొంతులోని ముఖ్యమైన విషయమంతా మధ్యస్వరాల్లోనే ఉంటుంది కాబట్టి, మీ వర్ణనలో సగం చోటు దీనికే ఇవ్వండి. 100 హెర్ట్జ్ నుంచి 300 వరకు కొద్దిగా ఎక్కువైతే గొంతుకు ఒళ్లు వస్తుంది. దానిని "వెచ్చగా" అనో "నిండుగా" అనో రాస్తాం. 1970లలో బీబీసీ తన బయటి ప్రసారాల వాహనాల కోసం తయారు చేయించిన ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న మానిటర్‌లో, 100 హెర్ట్జ్ పైన ఉన్న కొద్దిపాటి ఉబ్బు వల్లనే అంత చిన్న పెట్టె నుంచి అంత నిండుదనం వస్తున్నట్టు తోస్తుంది. అదే ఎక్కువైతే గొంతు బొంగురుపోయినట్టు, ఛాతీలోంచి మాత్రమే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 500 నుంచి 1000 హెర్ట్జ్ చుట్టూ ఎక్కువైతే చేతులు దోసిలి పట్టి నోటికి అడ్డం పెట్టుకుని పలికినట్టు డొల్లగా, ఇంకొంచెం పైన ఎక్కువైతే ముక్కుతో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ఈ రెంటినీ పట్టుకోవడానికి ఆ, ఓ, ఊ వంటి దీర్ఘాచ్చులపై సాగే ఆలాపన బాగా ఉపయోగపడుతుంది. ఒక అచ్చు మరో అచ్చు వైపు జరిగినట్టు, ఉదాహరణకు "ఆ" కాస్తా "ఓ"లా తోస్తే, అక్కడ ఏదో రంగు కలిసిందన్నమాట.

2000 నుంచి 4000 హెర్ట్జ్ వరకు మన చెవి అత్యంత చురుకుగా ఉంటుంది. అక్కడ స్వల్పంగా పెరిగినా గాయకుడు ముందుకు వచ్చి మన ఎదుట నిలిచినట్టుంటుంది. స్వల్పంగా తగ్గినా వెనక్కి వెళ్లి వాద్యాలతో కలిసినట్టుంటుంది. ఈ రెంటిలో ఏదీ దానంతట అది దోషం కాదు, "ముందుకు వచ్చిన గొంతు", "వెనక్కి తగ్గిన గొంతు" అని తటస్థంగా రాయండి. ఎక్కువ పెరిగితే మాత్రం సన్నాయి తారస్థాయిలో చెవిని గుచ్చుతుంది, వయొలిన్ కమాను ఒరుసుకున్నట్టు కటువుగా వినిపిస్తుంది. అరగంట విన్నాక వాల్యూమ్ తగ్గించాలని చేయి తానే వెళ్తే, ఆ విషయాన్ని తప్పక రాయండి, ఎందుకంటే ఏ విశేషణమూ అంత నిజాయితీగా చెప్పలేదు.

ట్రెబుల్‌ను పరీక్షించడానికి మన ఊష్మాక్షరాలు చక్కగా ఉపయోగపడతాయి. "స" పలికినప్పుడు శక్తి ఎక్కువగా 5000 నుంచి 8000 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది; "ష" పలికినప్పుడు అంతకన్నా కిందికి, 3000 దగ్గరికి దిగుతుంది. స్పష్టంగా పలికే గాయకుని "స", "ష" మధ్య తేడా స్పీకర్‌లో చెరిగిపోతే అక్కడ ట్రెబుల్ మసకబారిందని రాయవచ్చు. ప్రతి "స" దగ్గరా ఉమ్ము పడినట్టు, బుసకొట్టినట్టు శబ్దం ముందుకు దూకితే ట్రెబుల్ పదునెక్కిందని రాయండి. అయితే ఇదే లోపం రికార్డింగులోనూ ఉండవచ్చు కాబట్టి కనీసం ముగ్గురు గాయకుల దగ్గర ఇది కనిపిస్తేనే స్పీకర్‌కు ఆపాదించండి. గజ్జెల శబ్దంలో ఒక్కొక్క మువ్వా విడిగా తెలుస్తోందా, లేక ఇసుక జారినట్టు ఒకే సవ్వడిగా ఉందా అన్నది సూక్ష్మతకు మంచి పరీక్ష. 10,000 హెర్ట్జ్‌కు పైన ఉండే భాగం వాద్యం చుట్టూ ఖాళీ జాగా ఉన్న భావన కలిగిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఈ పై భాగం వినికిడి తగ్గడం సహజం గనుక, ఈ ఒక్క విషయంలో ఇంట్లోని చిన్నవారి చెవి సాయం తీసుకోవడం మంచిది.

స్వరాల మోతాదు అయ్యాక స్థలం సంగతి చూడండి. ఇందాక పక్కన పెట్టిన పాత మోనో పాటను ఇప్పుడు రెండు స్పీకర్లలోనూ నడపండి. ఎడమకూ కుడికీ ఒకే సంకేతం వెళ్తోంది కాబట్టి గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ, ఒక చిన్న చోటులోంచి రావాలి. అది వెడల్పుగా పరుచుకుని ఉన్నా, కొన్ని స్వరాలకు ఎడమకూ మరికొన్నింటికి కుడికీ జరుగుతున్నా, అమరికలో తేడా ఉండాలి లేదా రెండు స్పీకర్లూ ఒకేలా పలకకపోయి ఉండాలి. ఈ పరీక్షలో నెగ్గిన తరువాతే స్టీరియో కచేరీ రికార్డింగులో గాయకుడు, వయొలిన్, మృదంగం ఎక్కడెక్కడ కూర్చున్నట్టున్నాయో, వారి వెనుక సభామందిరపు లోతు తెలుస్తోందో లేదో రాయండి. వెడల్పు ఎంత ఉందన్నదానికన్నా, కళ్లు మూసుకుని ఒక్కొక్కరినీ వేలితో చూపించగలరా అన్నది చదివేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

మాటలు దొరికాక వాటికి మోతాదు చేర్చాలి. ఇందుకు మూడు మెట్లు చాలు. పక్కపక్కన పెట్టి మార్చి మార్చి వింటేనే తెలిసే తేడాను "కొద్దిగా" అనండి. పోలిక లేకుండా ఒక్కదానినే విన్నా ఒక పాటలోనే తెలిసిపోయేదాన్ని "స్పష్టంగా" అనండి. పాట మీద ధ్యాస నిలవనీయనిదాన్ని "మితిమీరి" అనండి. ఈ మూడు మాటలనూ ఎప్పుడూ ఇదే అర్థంలో వాడితే, మీరు ఆరు నెలల తరువాత రాసే వర్ణనను కూడా ఇప్పటి వర్ణనతో పోల్చి చూసుకోవచ్చు. "అద్భుతం", "ప్రాణం లేచివచ్చింది", "సంగీతం పండింది" వంటి మాటలు మీ ఆనందాన్ని చెబుతాయి, అది రాయడంలో తప్పేమీ లేదు. అయితే వాటిని శబ్దం గురించిన వాక్యాలకు దూరంగా, చివర ఒకచోట ఉంచండి. అమెరికాలో 1962లో స్టీరియోఫైల్ పత్రికను స్థాపించి, చెవితో విని రాసే సమీక్షలకు దారి వేసిన జె. గోర్డన్ హోల్ట్ ఇలాంటి పదాలకు నిర్దిష్టమైన అర్థాలు స్థిరపరచడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. మన భాషలో ఆ పని ఇంకా చేయవలసే ఉంది, కనుక మనం రాసే ప్రతి జాగ్రత్తైన వర్ణనా దానికి తోడ్పడుతుంది.

రాసినదాన్ని అలాగే నమ్మకండి. ధర, పేరు, పెట్టె అందం మన చెవిని ఎంతగా ప్రభావితం చేస్తాయో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి: అవే స్పీకర్లను చూస్తూ విన్నప్పుడు ఇచ్చిన మార్కులు, తెర చాటున పెట్టి వినిపించినప్పుడు ఇచ్చిన మార్కులు ఒకేలా లేవు. ఇంట్లో కూడా ఇది సాధ్యమే. రెండు జతల ముందు పలుచటి బట్ట తెర కట్టి, స్థాయి సమానం చేసి, మీకు చెప్పకుండా మార్చమని ఇంట్లోవారిని కోరండి. మీరు రాసిన వాక్యాల్లో ఏవి అప్పుడు కూడా నిలిచాయో వాటినే ఉంచి, మిగిలినవి కొట్టేయండి. ఏ పౌనఃపున్యం ఎంత బిగ్గరగా వస్తోందో చూపే కొలతల గ్రాఫ్ దొరికితే దానిని ఈ దశలో మాత్రమే చూడండి. ముందే చూస్తే 3000 హెర్ట్జ్ దగ్గరి గుంట మీ చెవికి కాక కంటికి వినిపిస్తుంది.

ఇంత పని చేశాక రాసిన వర్ణన ఎలా ఉంటుందో చూడండి. "బేస్ అదిరింది, వాయిస్ క్లియర్, ట్రెబుల్ స్మూత్" అన్న వాక్యం స్థానంలో ఇలాంటిది వస్తుంది: "పది పన్నెండు అడుగుల టైల్స్ గదిలో, వెనుక గోడకు ఒకటిన్నర అడుగు దూరంలో పెట్టి, 72 డెసిబెళ్ల దగ్గర విన్నాను. మృదంగం ఎడమ తల దెబ్బలు వేగంలోనూ విడివిడిగా వినిపించాయి, కానీ తంబురా మంద్ర షడ్జానికి బరువు లేదు. బేస్ బిగువుగా ఉంది, లోతు స్పష్టంగా తక్కువ. మగ గొంతు కొద్దిగా వెచ్చగా ఉంది, పాత జతతో పోలిస్తే ఒక అడుగు వెనక్కి వెళ్లినట్టు తోచింది. స, ష తేడా చక్కగా తెలిసింది, ఎవరి దగ్గరా బుస లేదు. గజ్జెల్లో మువ్వలు మాత్రం విడిగా తెలియలేదు. మోనో పాటలో గొంతు నడుమనే నిలిచింది." ఇది చదివినవారు తమ గదికీ, తాము వినే సంగీతానికీ ఈ జత సరిపోతుందో లేదో చాలావరకు ఊహించుకోగలరు. ఎక్కువగా భజనలు వినేవారు గజ్జెల వాక్యం దగ్గర ఆగుతారు. వార్తలు, పాత పాటలు వినేవారు గొంతు గురించిన వాక్యాలతోనే తృప్తిపడతారు.

చివరగా ఒక పరీక్ష మిగిలింది. మీ వర్ణనను, ఆ స్పీకర్లు ఎప్పుడూ వినని ఒక మిత్రునికి ఇచ్చి చదవమనండి. తరువాత పేర్లు చెప్పకుండా తెర వెనుక నుంచి రెండు జతలు వినిపించి, మీరు రాసినది ఏ జత గురించో చెప్పమనండి. ఆయన సరిగ్గా చెబితే, ఏ వాక్యం ఆధారంగా చెప్పగలిగారో అడిగి దాన్ని ముందుకు జరపండి. పొరబడితే, రెండు జతలకూ సమానంగా అతికే వాక్యాలు ఏవో ఆయనతో కలిసి గుర్తించి, వాటిని తీసివేసి, ఆ చోట్ల మళ్లీ విని రాయండి.